భూగర్భ షెల్టర్‌కు గాలి, చల్లదనం: లెక్క వేయడం నుంచి పరీక్ష దాకా

వంద మంది నేలకింద ఒక గదిలో చేరి తలుపులు బిగించుకున్నారనుకోండి. మనిషికి ఒక చదరపు మీటరు చోటు, రెండున్నర మీటర్ల ఎత్తు, మొత్తం 250 ఘనమీటర్ల గాలి. ఫ్యాన్ ఇంకా తిరగలేదు. ఊరికే కూర్చున్నా ఒక్కొక్కరి ఒంటి నుంచి, ఊపిరి నుంచి గంటకు 80 గ్రాముల దాకా నీటి ఆవిరి వస్తుంది. గది 27 డిగ్రీల్లో, 60 శాతం తేమతో ఉంటే ఆ గాలి ఇంకా పట్టగలిగే నీరు రెండున్నర కిలోలే. వంద మంది దాన్ని ఇరవై నిమిషాల్లో నింపేస్తారు. అక్కడి నుంచి గోడలు చెమరుస్తాయి, ఒంటి మీద చెమట ఆరదు, ఉక్క మొదలవుతుంది.

అదే గదిలో కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరి తలనొప్పి, ఆయాసం తేవడానికి దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు పడుతుంది. అప్పటికి ఆక్సిజన్ ఇంకా 17 శాతం పైనే ఉంటుంది. 1500 మీటర్ల ఎత్తున కొండ ఊళ్లో పీల్చే గాలిలో దొరికేదీ ఇంచుమించు అంతే.

అంటే ముందు వచ్చేది తేమ, వేడి. తర్వాత కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ కొరత ఆఖరున. ఊపిరికి సరిపడా గాలి లెక్క కట్టి, మిగతాది ఏసీ చూసుకుంటుందిలే అని వదిలేసిన షెల్టర్‌లో ఒక్క రాత్రి గడపడం కూడా కష్టం. కింద చెప్పే ప్రతి లెక్కకూ ఈ వంద మంది గదినే తీసుకుందాం. మీ గది సంఖ్యలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముందు మూడు స్థితులు రాసుకోండి

బొమ్మ గీయకముందే, బయట ఏం జరుగుతుంటే లోపలి గాలి ఎలా నడవాలో కాగితం మీద పెట్టండి.

మొదటి స్థితిలో బయటి గాలి శుభ్రంగానే ఉంది, దుమ్ము మాత్రం ఆపితే చాలు. స్విట్జర్లాండ్ షెల్టర్ల లెక్కలో దీనికి మనిషికి గంటకు 6 ఘనమీటర్లు. సోవియట్ కాలం నుంచి రష్యాలో నడుస్తున్న నిబంధనల్లో వాతావరణాన్ని బట్టి 8 నుంచి 13. వేడి ప్రాంతమైతే పై అంకె వైపే మొగ్గండి. ఊపిరికి 6 సరిపోతుంది, మిగతాదంతా వేడిని మోసుకెళ్లడానికి.

రెండో స్థితిలో బయట విషవాయువో, రేడియోధార్మిక ధూళో ఉంది. గాలి అంతా ఫిల్టర్ల గుండా రావాలి. స్విస్ లెక్క మనిషికి 3 ఘనమీటర్లు, రష్యన్ లెక్క 2. కూర్చున్న మనిషి గంటకు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు కాబట్టి 6 ఘనమీటర్ల దగ్గర గదిలో అది 0.4 శాతం లోపు నిలబడుతుంది, 3 దగ్గర 0.7, 2 దగ్గర 1 శాతం కాస్త దాటుతుంది. 1 శాతం చాలా మందికి తెలియను కూడా తెలియదు. అయినా లోపల పని చేసేవాళ్లుంటే, చేతి ఫ్యాన్ తిప్పాల్సి వస్తే, 2 అనే అంకెను నమ్ముకోకండి. పని చేసే మనిషి కూర్చున్నవాడికి రెండు మూడింతలు వదులుతాడు.

మూడో స్థితిలో బయటి గాలి అసలు రాకూడదు. చాలా మంది దీన్ని కొట్టేస్తారు, అది పెద్ద తప్పు. యాక్టివేటెడ్ కార్బన్ అనేక విషవాయువుల్ని పట్టుకుంటుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోదు, నేరుగా లోపలికి వదిలేస్తుంది. పైన భవనం అంటుకుంటే ఫ్యాన్ లోపలికి తోసేది ఆ వాయువునే. 1943 జులైలో హాంబర్గ్ మీద బాంబు దాడులకు రేగిన అగ్నితుఫానులో బేస్‌మెంట్ షెల్టర్లలో చనిపోయినవాళ్లలో చాలా మందిని చంపింది కార్బన్ మోనాక్సైడ్, వేడి. కాబట్టి గాలి దారిని వాయువు చొరబడకుండా మూసే డాంపర్, గాలి తీసుకునే గొట్టంలో ఒకటి, గదిలో ఒకటి కార్బన్ మోనాక్సైడ్ మీటర్లు తప్పనిసరి.

మూసిన స్థితిలో మూడు గంటలకు మించి ఉండాలంటే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సున్నపు గుళికలు (సోడా లైమ్), ఆక్సిజన్ సిలిండర్లు కావాలి. కిలో సోడా లైమ్ ఆచరణలో వంద లీటర్ల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ మింగుతుంది. వంద మందికి గంటకు 20 కిలోలు దగ్గర పెట్టుకోండి. ఆక్సిజన్ గంటకు 2400 లీటర్లు పడుతుంది. 47 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ దగ్గర 7000 లీటర్లు ఉంటుంది కాబట్టి ఒక సిలిండర్ మూడు గంటల లోపే అయిపోతుంది. ఇంకో సంగతి: సోడా లైమ్ పని చేసేటప్పుడు వేడెక్కుతుంది. వంద మందికి ఆ వేడి రెండున్నర కిలోవాట్లు దాటుతుంది. ఏసీ లెక్కలో ఇది కలపకపోతే సరిగ్గా అవసరమైన గంటల్లోనే గది కాగిపోతుంది.

గాలి తీసుకునే చోటు

రెండు చోట్ల నుంచి తీసుకోండి, ఒకదానికొకటి దూరంగా. పక్క భవనం కూలితే రెండూ ఒకే శిథిలాల కింద పడకూడదు. భవనం ఎత్తులో కనీసం సగం దూరం జరిగితే కొంత భద్రత. అంత స్థలం లేకపోతే గొట్టం నోటికి శిథిలాల బరువును మోసే కాంక్రీటు గూడు కట్టండి. నోరు నేలమట్టంలోనో, గోతిలోనో ఉండకూడదు. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, అలాంటివి పల్లంలోనే చేరతాయి. గొట్టం చివర కిందికి వంచి, దోమతెర లాంటి సన్నని స్టీలు జాలి వేసి, లోపలి వాలు షెల్టర్ వైపు కాకుండా బయటి సంపు వైపు ఉంచండి. వాలు తప్పుగా వేస్తే మొదటి పెద్ద వానకే ఫిల్టర్లు తడుస్తాయి. వాటిలో అతి సన్నని ధూళిని ఆపే హెపా ఫిల్టర్ తడిస్తే మళ్లీ పనికిరాదు.

జనరేటర్ పొగగొట్టం ఈ రెండు నోళ్లకూ దూరంగా ఉండాలి. వాటికంటే ఎత్తున, గాలివాటు చూసి పెట్టండి. జనరేటర్‌ను మనుషులుండే గాలిలో ఎప్పుడూ పెట్టవద్దు. దానికి వేరే గది, వేరే గాలి దారి, మధ్యలో వాయువు చొరబడని తలుపు.

బ్లాస్ట్ వాల్వ్, దాని వెనక గది

గాలి లోపలికి వచ్చే దారికీ, బయటికి పోయే దారికీ రెండింటికీ బ్లాస్ట్ వాల్వ్ కావాలి. పేలుడు తరంగం తగలగానే పళ్లెం స్ప్రింగును అణచి మిల్లీసెకన్లలో మూసుకుంటుంది. తరంగం వెనక వచ్చే చూషణకు కూడా మూసుకునే రకమే తీసుకోండి. ఒకవైపే పని చేసేది ఫిల్టర్‌ను బయటికి లాగేస్తుంది.

వాల్వ్ ఎంత చురుకైనా మూసుకునేలోపు కొంత పీడనం దూరిపోతుంది. అందుకే వాల్వ్‌కూ ఫిల్టర్‌కూ మధ్య ఒక చిన్న కాంక్రీటు గది ఉంచాలి. దూరిన తరంగం అక్కడ విస్తరించి నీరసిస్తుంది. సాధారణ స్విస్ షెల్టర్‌ను 1 బార్ పీడనానికి డిజైన్ చేస్తారు. హెపా ఫిల్టర్ చిరగడానికి అందులో పదో వంతు చాలు. వాల్వ్ దగ్గరే ఫిల్టర్ బిగించి స్థలం కలిసొచ్చిందనుకుంటే, మొదటి దెబ్బకు ఫిల్టర్ ఉన్నట్టే కనిపిస్తుంది, దాని కాగితం మాత్రం లోపల చీలి ఉంటుంది.

ఫిల్టర్లు: వరుస మార్చవద్దు

ముందు ముతక ప్రీ ఫిల్టర్. తర్వాత హెపా, 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతం ఆపే రకం. దాని తర్వాత రసాయనాలు పట్టించిన యాక్టివేటెడ్ కార్బన్. ఆఖరున కార్బన్ పొడి గదిలోకి రాకుండా ఒక సన్నని ఫిల్టర్. మామూలు కార్బన్ హైడ్రోజన్ సయనైడ్ లాంటి తేలికైన వాయువుల్ని సరిగా పట్టదు. రాగి, వెండి, జింకు, మాలిబ్డినం, టీఈడీఏ అనే రసాయనం పట్టించినదే కొనండి.

గాలి కార్బన్‌లో ఎంతసేపు ఉంటుందనేది ముఖ్యం. అణుకేంద్రాల ఫిల్టర్లలో వాడుకలో ఉన్న కొలత పావు సెకను: 5 సెంటీమీటర్ల మందం, సెకనుకు 20 సెంటీమీటర్ల వేగం. మన వంద మందికి గంటకు 300 ఘనమీటర్లంటే, పావు సెకనుకు 21 లీటర్ల కార్బన్ కనీసం. ఎక్కువ గంటలు నిలబడాలంటే దానికి ఎన్నో రెట్లు వేస్తారు. ఫ్యాన్ పెద్దది పెట్టి ఇదే కార్బన్ గుండా రెట్టింపు గాలి తోస్తే మేలు జరిగినట్టు అనిపిస్తుంది, కానీ నిలిచే సమయం సగమై విషం చీల్చుకుని వస్తుంది. ఫిల్టర్ మీద రాసిన గాలి పరిమాణాన్ని దాటకుండా ఆపే వాల్వ్ తప్పక పెట్టండి.

తేమ కార్బన్‌కు శత్రువు. గాలిలో తేమ 70 శాతం దాటితే కార్బన్ రంధ్రాల్లో నీరే చేరి, వాయువులకు చోటుండదు. తేమ ఎక్కువగా ఉండే చోట ఫిల్టర్‌కు ముందు గాలిని రెండు మూడు డిగ్రీలు వేడి చేసే చిన్న హీటర్ పెడితే సాపేక్ష తేమ దిగుతుంది. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని 33 డిగ్రీలకు తెస్తే అది 68 శాతం దగ్గరికి వస్తుంది. ఆ వేడి తర్వాత ఏసీ మీద పడుతుంది, కానీ ఇక్కడ అది తగిన ధర.

శాంతికాలంలో కార్బన్ ఫిల్టర్ మూతలు, సీళ్లు విప్పవద్దు. విప్పిన రోజు నుంచి అది గాలిలో తేమను, పెయింటు వాసనల్ని మింగుతూ సత్తువ కోల్పోతుంది. ట్రయల్ రన్‌లు బైపాస్ దారిలో చేసుకోండి.

రేడియోధార్మిక ధూళి పట్టిన ప్రీ ఫిల్టర్, హెపా తామే కిరణాలు వెదజల్లుతాయి. ఆ ధూళి గామా కిరణాలను సగానికి తగ్గించడానికి సుమారు 6 సెంటీమీటర్ల కాంక్రీటు పడుతుంది, 20 సెంటీమీటర్ల గోడ పదో వంతుకు తెస్తుంది. ఫిల్టర్ గదికీ పడక చోటుకీ మధ్య అంత గోడ ఉండాల్సిందే.

ఫ్యాన్, చేతి పిడి

గాలి దారిలోని అడ్డంకులన్నీ పాస్కళ్లలో (పీడనం కొలత) కూడండి, ఫిల్టర్లు దుమ్ము పట్టి నిండిన స్థితిలో. ఉదాహరణకు బ్లాస్ట్ వాల్వ్ 150 పాస్కళ్లు, ప్రీ ఫిల్టర్ 100, హెపా 500, కార్బన్ 400, డక్టులు 100, గదిలో నిలపాల్సిన పీడనం 100. మొత్తం 1350. హెపా కొత్తగా ఉన్నప్పుడు 250 చూపిస్తుంది, ఆ అంకెతో ఫ్యాన్ కొంటే ఫిల్టర్ నిండేకొద్దీ గాలి తగ్గిపోతుంది.

గంటకు 300 ఘనమీటర్లను 1350 పాస్కళ్ల మీద తోయడానికి గాలికి అందాల్సిన శక్తి 112 వాట్లు. ఫ్యాన్ సామర్థ్యం 50 శాతం అనుకుంటే పిడి దగ్గర 225 వాట్లు. మామూలు మనిషి చాలాసేపు తిప్పగలిగేది 50 నుంచి 75 వాట్లు. కాబట్టి ఒకే పెద్ద ఫ్యాన్ కరెంటు పోతే ఎవరికీ తిరగదు. గంటకు 150 ఘనమీటర్లవి రెండు పెట్టండి, ఒక్కోదానికి ఇద్దరు పట్టుకునే పిడి. మనిషికి 56 వాట్లు పడుతుంది, పావుగంటకోసారి జతలు మారితే రోజంతా నడుస్తుంది. రెండిటిలో ఒకటి చెడినా సగం గాలి ఉంటుంది. స్విస్ షెల్టర్ల యంత్రాల్లో 50 మందికి సరిపడే రకం సరిగ్గా ఇంతే: ఫిల్టర్ మీద గంటకు 150, ఫిల్టర్ లేకుండా 300.

పిడి భుజానికి, నడుముకు మధ్య ఎత్తులో ఉండాలి. దాని చుట్టూ ఇద్దరు నిలబడి తిప్పే చోటు వదలండి. గోడకు ఆనించి బిగించి, తిప్పేటప్పుడు పిడికిళ్లు గోడకు రాసుకునేలా వదిలేయడం తరచు కనిపించే తప్పు.

ఫిల్టర్లు అక్కర్లేనప్పుడు, కరెంటు లేనప్పుడు వేడిని తోలడానికి ఇంకో సులువైన సాధనం ఉంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీలో క్రెసన్ కియర్నీ, తాడుతో లాగే పంఖా సూత్రం మీదే ఒక పంపు రూపొందించాడు. చెక్క చట్రం, జాలి, ఒకవైపే తెరుచుకునే ప్లాస్టిక్ రెక్కలు, అంతే. తక్కువ పీడనం మీద చాలా గాలి కదులుతుంది. కానీ ఫిల్టర్ గుండా అది తోయలేదు. దాన్ని నమ్ముకునేట్టయితే పెద్ద తలుపంత దారి, ఎదురుగా అంతే వెడల్పున్న బయటి దారి ముందే డిజైన్‌లో ఉండాలి.

పీడనం, లీకులు

రెండో స్థితిలో గదిని కాపాడేది బయటికంటే లోపల ఎక్కువగా ఉండే పీడనం. కనీసం 50 పాస్కళ్లు పెట్టుకోండి. సెకనుకు 9 మీటర్ల వేగంతో వీచే గాలి గోడ మీద వేసే ఒత్తిడి ఇంచుమించు 50 పాస్కళ్లే. అంతకంటే గట్టి గాలులు వీచే చోట 100 దాకా వెళ్లండి.

లీకు లెక్క చూస్తే గుండె దడ పుడుతుంది. 50 పాస్కళ్ల దగ్గర 10 చదరపు సెంటీమీటర్ల కంత నుంచి గంటకు 20 ఘనమీటర్ల గాలి పోతుంది. అంటే దాదాపు ఏడుగురి వాటా. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న తలుపు చుట్టూ ఒక్క మిల్లీమీటరు సందు ఉంటే 60 చదరపు సెంటీమీటర్లు, గంటకు 120 ఘనమీటర్లు. మన 300లో ఐదింట రెండు వంతులు ఒక్క తలుపు తినేస్తుంది.

లీకులు ఎక్కువగా ఉండేది ఇక్కడ: కేబుళ్లు గోడ దాటే గొట్టాలు, తలుపు కింది గడప, ఎండిపోయిన డ్రైన్ ట్రాప్‌లు (గాలిని ఆపడానికి నీరు నిలిచే గొట్టం వంపులు), పెయింటు పూసిన రబ్బరు గాస్కెట్లు. చివరిది ప్రతి చోటా జరుగుతుంది. పెయింటర్ తలుపుతో పాటు గాస్కెట్‌కూ రంగు వేస్తాడు, రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. పెయింటు పని జరిగే ముందే గాస్కెట్ తీసి దాచండి, లేదా టేపు కప్పండి. కేబుల్ గొట్టాలకు ఫోమ్ కొట్టి వదలకండి, తరంగం తగిలితే అది బిరడాలా ఎగిరిపోతుంది. దీనికోసమే తయారైన రబ్బరు దిమ్మెలు బిగించే ఫ్రేములు వస్తాయి.

వాడిన గాలిని ఊరికే బయటికి పోనివ్వకండి. పడక చోటు నుంచి నడవకు, నడవ నుంచి మరుగుదొడ్లకు, అక్కడి నుంచి ఎయిర్‌లాక్‌లోకి (ప్రవేశం దగ్గర రెండు తలుపుల మధ్య గది), ఎయిర్‌లాక్ నుంచి బయటికి, ప్రతి మెట్టులో లోపలి పీడనం పెరిగితేనే తెరుచుకునే ఓవర్‌ప్రెషర్ వాల్వ్ గుండా. ఒకే గాలి మూడు పనులు చేస్తుంది: వాసనను వెనక్కి రానివ్వదు, బయటి నుంచి వచ్చినవాళ్లతో ఎయిర్‌లాక్‌లోకి దూరిన విషాన్ని కడిగేస్తుంది, పీడనాన్ని నిలుపుతుంది. పది ఘనమీటర్ల ఎయిర్‌లాక్ గుండా గంటకు 200 ఘనమీటర్లు పోతే మూడు నిమిషాలకో సారి దాని గాలి మారుతుంది. లీకులు ఎక్కువైతే ఈ దారిలో గాలే ఉండదు. వాల్వ్ రెక్క తెరుచుకోకపోవడమే దానికి మొదటి గుర్తు.

పీడనం చూడటానికి ఖరీదైన మీటరు చెడిపోయినా పని ఆగకూడదు. పారదర్శకమైన సన్నని గొట్టాన్ని పలక మీద పదికి ఒకటి వాలుతో బిగించి, కింది కొసను గదిలో మూత లేని వెడల్పాటి డబ్బాకు కలిపి, రంగు నీళ్లు పోసి, పై కొసను గోడ దాటించి బయటికి పంపండి. 50 పాస్కళ్లంటే నిలువునా 5 మిల్లీమీటర్ల నీరు. వాలు గొట్టంలో అది 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ 5 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత గీస్తే, రాత్రి మెలకువగా ఉన్న ఎవరైనా ఒక్క చూపులో చెప్పగలరు.

ఏసీ: ఎన్ని టన్నులు అన్న ప్రశ్నకు ముందు, ఎంత నీరు

బయట 35 డిగ్రీలు, 60 శాతం తేమ. లోపల 27 డిగ్రీలు, 60 శాతం కావాలి. మొదటి స్థితిలో గంటకు 600 ఘనమీటర్ల బయటి గాలిని ఆ స్థాయికి తేవడానికి 5.4 కిలోవాట్లు. మనుషులు తలకు 115 వాట్ల చొప్పున 11.5. దీపాలు, పరికరాలు 1.5, ఫ్యాన్లు ముప్పావు. మొత్తం 19 కిలోవాట్లు, అంటే ఐదున్నర టన్నుల లోపు.

ఇక్కడే చాలా మంది పొరబడతారు. ఆ 19లో గాలి వేడిని తగ్గించడానికి పోయేది 10 మాత్రమే, మిగతా 9 తేమను నీరుగా మార్చడానికి. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీ సాధారణంగా తన శక్తిలో 70 నుంచి 80 శాతం వేడి మీదే పెడుతుంది. దాన్ని తెచ్చి పెడితే థర్మోస్టాట్ 27 చూపించి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం 80 శాతం దాటి ఉంటుంది. చల్లగా, జిగటగా, దుప్పటి తడిగా ఉండే గది వస్తుంది. టన్నులు పెంచితే కంప్రెసర్ ఇంకా త్వరగా ఆగి పరిస్థితి ఇంకా చెడుతుంది.

సరైన దారి: గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట (కాయిల్) వరుసలు ఎక్కువుండి లోతుగా ఉండాలి, దాని మీద గాలి నెమ్మదిగా పోవాలి. మామూలుగా టన్నుకు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి ఇస్తారు, ఇక్కడ 300కు దించండి. బయటి గాలిని ముందుగా కాయిల్ మీదికే పంపండి, గదిలోకి వదిలాక చల్లబరచాలని చూడకండి. కంప్రెసర్‌ను ఉష్ణోగ్రతతో పాటు తేమ మీటరు కూడా నడిపించాలి. అవసరమైతే కాయిల్ తర్వాత కండెన్సర్ వేడితోనే గాలిని కొంచెం మళ్లీ వేడి చేయండి.

ఈ లెక్కలో కాయిల్ కింద పడే నీరు గంటకు 13 లీటర్లు, రోజుకు 300 లీటర్లు పైనే. దాన్ని బయటి డ్రైన్‌కు పంపితే ట్రాప్‌లో నీటి ఎత్తు గది పీడనాన్ని, ఫ్యాన్ చూషణను కలిపి తట్టుకునేంత ఉండాలి, లేకపోతే గాలి నీటిని తోసేసి పోతుంది. ఆ నీటిని లోపలే ట్యాంకులో పట్టి మరుగుదొడ్లకు వాడుకోవడం ఇంకా మంచిది. గోడకు ఒక రంధ్రం తక్కువ.

రిఫ్రిజరెంట్ గొట్టాలను మనుషులుండే గదిలో తిప్పవద్దు. ఆ వాయువులు గాలికంటే బరువు, లీకైతే కింద పడుకున్నవాళ్ల చుట్టూ చేరతాయి. ఆర్32 లాంటివి మండుతాయి కూడా. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రాల గదిలో ఉండాలి, మనుషులుండే గదులకు చల్లని నీటి గొట్టాలు మాత్రమే.

ఇక ఏసీ తీసిన వేడిని బయటికి వదిలే కండెన్సర్. బయట పైకప్పు మీద పెట్టిన కండెన్సర్ మొదటి పేలుడుకే పోతుంది, దాన్ని శాంతికాలపు వసతిగా మాత్రమే లెక్కించండి. యుద్ధకాలానికి నేలకింద నీళ్ల ట్యాంకు, నీటితో చల్లబడే కండెన్సర్. 19 కిలోవాట్ల చల్లదనానికి సుమారు 24 కిలోవాట్ల వేడి బయటికి పోవాలి. పది వేల లీటర్ల ట్యాంకు 15 డిగ్రీలు వేడెక్కే లోపు ఏడు గంటలు మోస్తుంది. రోజులు నడవాలంటే బోరు నీరో, కాంక్రీటు గూట్లో పెట్టిన కూలింగ్ టవరో కావాలి. టవర్‌లో గంటకు 35 లీటర్లు ఆవిరైపోతుంది.

డక్టులు స్టీలువే, ప్రధాన డక్టులో వేగం సెకనుకు 4 మీటర్ల దగ్గర. 600 ఘనమీటర్లకు 23 సెంటీమీటర్ల గుండ్రని డక్టు సరిపోతుంది. కప్పుకు బిగించే క్లాంపులు నేల కుదుపును తట్టుకోవాలి, ఫ్యాన్‌కూ డక్టుకూ మధ్య మెత్తని అతుకు ఉండాలి.

కరెంటు పోయాక గదిని నిలబెట్టేది గోడలే

లోపలి గోడలు, నేల, కప్పు కలిపి 300 చదరపు మీటర్ల కాంక్రీటు. గదికంటే అది 5 డిగ్రీలు చల్లగా ఉంటే మొదటి గంటల్లో దాదాపు మనుషుల వేడి అంతా అదే పీల్చుకుంటుంది. కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఫాల్స్ సీలింగ్, ప్లైవుడ్ ప్యానెల్, కార్పెట్ ఏదీ వేయవద్దు. అందంగా ఉండాలని గోడలకు పలకలు కొట్టించారంటే ఉచితంగా వచ్చిన చల్లదనాన్ని కప్పెట్టినట్టే. సున్నమో, పల్చని పెయింటో చాలు.

ముప్పు ముందే తెలిస్తే, కరెంటు ఉన్నప్పుడే కాంక్రీటును చల్లబరచి ఉంచండి. 20 సెంటీమీటర్ల మందాన ఈ గది కాంక్రీటు ఒక్క డిగ్రీకి 34 కిలోవాట్ గంటలు పడుతుంది. నాలుగు డిగ్రీలు దించితే ఏడు గంటల ఏసీ భారం గోడల్లో దాచినట్టు. తేమ కూడా అదే సమయంలో తీయాలి, లేకపోతే చల్లని గోడ మీద నీరు పడుతుంది.

శాంతికాలంలో దీనికి తలకిందులైన పొరపాటు జరుగుతుంది. షెల్టర్‌లో చెమ్మ వాసన వస్తోందని ఉక్కగా ఉన్న రోజున తలుపులు తెరిచి ఫ్యాన్లు వేస్తారు. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ఆ గాలి 27 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. నేలకింది గోడ 25లో ఉంటుంది. ఆరబెట్టాలని తెచ్చిన గాలి గోడల్ని తడిపి, బ్లాస్ట్ వాల్వ్ స్ప్రింగులకు తుప్పు పట్టిస్తుంది. బయటి గాలి నీరుగా మారే ఉష్ణోగ్రత (మంచుబిందు స్థానం) గోడ ఉష్ణోగ్రతకంటే తక్కువగా ఉన్న రోజునే తెరవండి. మిగతా రోజుల్లో మూసి, డీహ్యుమిడిఫయర్‌తో 60 శాతం లోపు ఉంచండి.

అప్పగించుకునే ముందు

తలుపులన్నీ బిగించి ఫ్యాన్ నడిపి, వాలు గొట్టంలో నీరు ఎర్ర గీత దాటుతుందో లేదో చూడండి. దాటకపోతే పొగ పుల్లతో ప్రతి అతుకూ వెతకండి. హెపాను బిగించిన చోటే సన్నని నూనె తుంపర వదిలి వెనక కొలవమనండి. ఫిల్టర్ మంచిదే ఉండి, దాని అంచు గాస్కెట్ దగ్గర లీకవడం సర్వసాధారణం. మెయిన్ స్విచ్ ఆపించి, చేతి పిడి మీద గంటసేపు నడిపించండి, ఎవరు తిప్పుతారో వాళ్లతోనే.

ఆఖరు పరీక్షను దాదాపు ఎవరూ చేయరు, మీరు మాత్రం చేయించండి. గదిలో 6 కిలోవాట్ల హీటర్లు చెదురుగా పెట్టి, గంటకు 8 లీటర్ల నీరు మరిగి ఆవిరయ్యేలా గిన్నెలు పెట్టండి. వంద మంది ఇచ్చే వేడి, తేమ ఇంచుమించు అంతే. తలుపులు మూసి, ఏసీతో 24 గంటలు, ఏసీ లేకుండా మరో 24 గంటలు నడిపించి, మధ్యలోనూ, మూలల్లోనూ, పై బంకు మంచం ఎత్తులోనూ పొడి థర్మామీటరు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రతలు గంటకోసారి రాయించండి. పై బంకు దగ్గర అంకెలు కింది బంకుకంటే రెండు డిగ్రీలు మించితే గాలి వదిలే గ్రిల్లుల దిశ మార్చి మళ్లీ చేయండి.